లెదర్ సీట్లు బాగుచేసుకున్న వైనం: నా అనుభవం

అక్కావాళ్ళు డల్లాస్ వెళ్ళిపోతూ వాళ్ళ కారు మాకు ఇచ్చేశారు. ఇంజన్ బాగుంది, టైర్లు బాగున్నాయి, బావ ఒక్క సర్వీసింగ్ కూడా తప్పించలేదు. సీట్లు చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంది. లేత గోధుమరంగు లెదర్. డ్రైవర్ సీటు కూర్చునే చోటంతా బూడిదరంగుకి తిరిగింది. ఎక్కి దిగేవైపు అంచు నల్లబడి, దాని మీద జీన్స్ ప్యాంటు నీలం పట్టేసింది. తల ఆన్చేచోట కొబ్బరినూనె మరక. వెనక సీటులో పసుపు చుక్కలు, కారు కొన్న కొత్తలో పెద్దమ్మ గుడి దగ్గర వాహన పూజ చేయించినప్పటివి. వీటన్నిటి మీదా ఒక మెరుపు. చెయ్యి వేస్తే జారుతుంది, కాసేపు ఆనిస్తే అంటుకుంటుంది.

ఆ మెరుపు ఎక్కడిదో అక్కని అడిగితే తెలిసింది. కారు కడిగించిన ప్రతిసారీ చివర్లో డాష్‌బోర్డుకీ, టైర్లకీ, సీట్లకీ అంతటికీ పాలిష్ పూసి ఇచ్చేవారట. చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది కాబట్టి బాగా చేశారనే అనుకునేవాళ్ళు. సిలికాన్ కలిసిన ఆ పాలిష్ ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఊళ్ళో దుమ్మంతా దానికి అతుక్కుని, ఒక పొరలా తయారైంది. నేను మురికి అనుకున్నదాంట్లో సగం ఆ పొరే.

చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా చెప్పారు. కార్ డెకార్ షాపులో అయితే సీట్ల జోలికే పోవద్దు, పైన రెగ్జిన్ కవర్లు తొడిగేద్దాం అన్నారు. అసలు తోలుని కింద పెట్టి పైన రెగ్జిన్ కప్పడం నాకు మనసొప్పలేదు. పైగా ఈ కారు ముందు సీట్ల పక్కల్లో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. వాటికోసం చోటు వదలని కవరు బిగుతుగా తొడిగితే అవి విచ్చుకోవాల్సిన వేళకి అడ్డుపడుతుంది. కింద చేరిన చెమ్మా దుమ్మూ ఎటూ పోలేక తోలుని లోపల్లోపలే తినేస్తాయి.

నాన్న సలహా వేరు. “ఆముదం పట్టించు తల్లీ. తోలన్నాక నూనె తాగాలి, లేకపోతే బిరుసెక్కి పగులుతుంది” అన్నారు. నాన్నది తెనాలి పక్క పల్లెటూరు. చిన్నప్పుడు కొత్త కిర్రు చెప్పులు కుట్టించుకుంటే కాలు కరవకుండా ఆముదం పట్టించి రాత్రంతా ఉంచేవాళ్ళట. ఆయన మాటలో తప్పేమీ లేదు, ఆ చెప్పుల విషయంలో. అది తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ లాంటివాటితో పదును చేసిన, అంటే పచ్చి చర్మం కుళ్ళకుండా ఊరబెట్టి తయారుచేసిన తోలు. పైన ఏ పూతా ఉండదు. నూనె రాస్తే పీల్చుకుంటుంది, పీల్చుకుని మెత్తబడుతుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు చెట్టు బెరడుకి మన పల్లెల్లో అంత పనుండేది.

కారు సీట్ల తోలు కథ అది కాదు. ఇది ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. దాని మీద రంగు పూత, ఆ పైన పాలీయూరిథేన్ పారదర్శక పూత ఉంటాయి. మనం కూర్చునేదీ, చెయ్యి ఆన్చేదీ, మురికి చేసేదీ అంతా ఆ పై పూత మీదే. అడుగున ఉన్న తోలు మన చేతికి తగలదు. మరి ఆముదం రాస్తే ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. పైనే జిడ్డుగా నిలిచి ఊరి దుమ్ముని పిలుస్తుంది.

నాన్నకి మాటలతో చెబితే ఒప్పుకోరని సెల్లార్‌లోకి తీసుకెళ్ళి వెనక సీటు మీద ఒక నీటిబొట్టు వేసి చూపించాను. బొట్టు గుండ్రంగా నిలబడింది. ఎంతసేపు చూసినా ఇంకలేదు. ఆయన వేలితో దాన్ని అటూ ఇటూ జరిపి చూసి, తుడిచేసి, “అయితే ఇది తోలుకి వేసిన పెయింటు సంగతన్నమాట” అన్నారు. సరిగ్గా అదే. ఆ ఒక్కమాట పట్టుకుంటే మిగతా పనంతా దారిలో పడుతుంది.

తోలు మాట వచ్చిందంటే నాన్న నాయుడమ్మగారి దగ్గరికి వెళ్ళకుండా ఉండరు. యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టారు. మద్రాసులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధనా సంస్థకి డైరెక్టరై దానికి ప్రపంచంలో పేరు తెచ్చారు. తర్వాత దేశంలోని సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి) ప్రయోగశాలలన్నిటికీ అధిపతి అయ్యారు. 1985లో ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో ఉన్నారు. తోలు పనన్నా, ఆ పని చేసేవాళ్ళన్నా ఊరికి దూరంగా పెట్టిన రోజుల్లో ఒక రైతుబిడ్డ ఆ శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకున్నాడని నాన్న ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఆ మాటలు వింటూ పెరగబట్టేనేమో, ఈ సీట్లని చించి అవతల పారేయడం నావల్ల కాలేదు. ఒక పశువు చర్మం, ఎంతమంది చేతుల పనో అది.

మొదలుపెట్టేముందు ఒకటి తేల్చుకోవాలి. లెదర్ సీట్లని చెప్పి అమ్మే చాలా కార్లలో అంతా తోలు ఉండదు. ఒళ్ళు తగిలే భాగాలు తోలు, సీటు వెనకవైపు, పక్కలు, డోర్ ప్యాడ్లు రెగ్జిన్. కొన్నిట్లో మొత్తం రెగ్జినే. పైపై గీతలు చూసి పోల్చుకోవడం కష్టం, అచ్చు అంత చక్కగా వేస్తున్నారు. సీటు ముందుకు జరిపి, కింద క్లిప్పులతో బిగించిన అంచుని కాస్త పైకెత్తి లోపలివైపు చూశాను. తోలైతే వెనకవైపు నూగు నూగుగా, పీచుగా ఉంటుంది. రెగ్జినైతే గుడ్డ నేత కనిపిస్తుంది. మా కారులో కూర్చునేదీ వీపు ఆన్చేదీ తోలు. మిగతాదంతా, మధ్యలో చెయ్యి పెట్టుకునే ఆర్మ్‌రెస్ట్‌తో సహా, రెగ్జిన్.

అలా వెతుకుతుంటేనే సీటు పక్క కుట్టులో ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న చిన్న గుడ్డ ట్యాగ్ కనిపించింది. ఆ పక్క కుట్టు మామూలు కుట్టు కాదు. బ్యాగు ఉబ్బినప్పుడు ఠక్కున తెగేలా వేసిన కుట్టు. అక్కడ గట్టి దారంతో తిరిగి కుట్టించకూడదు, నీళ్ళతో నానబెట్టకూడదు. ముందు ప్యాసింజర్ సీటు కింద మనిషి కూర్చున్నాడో లేదో చూసే సెన్సర్ కూడా ఉంటుంది. అందుకని సీటు మీద నేరుగా ఏదీ స్ప్రే చేయకూడదని మొదటే గట్టిగా అనుకున్నాను. సన్న చిల్లులున్న సీట్లయితే మరీను. ద్రవం చిల్లుల్లోంచి ఫోమ్‌లోకి దిగితే ఆరదు, వాసన పడుతుంది.

పని పొద్దున్నే సెల్లార్‌లో పెట్టుకున్నాను. ఎండలో నిలిపిన కారులో సీటు కాలుతూ ఉంటుంది, క్లీనర్ వేసింది వేసినట్టే ఆరిపోయి చారలు కడుతుంది. చల్లటి సీటు మీదే చేయాలి.

తడి తగలకముందు దుమ్ము తీయాలి. ఇది చాలామంది దాటేసే పని. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. హైదరాబాద్‌లో మా నిజాంపేట నుంచి తెల్లాపూర్, కోకాపేట వరకూ ఎటు చూసినా కొత్త టవర్లు లేస్తున్నాయి. ఈ ఊరు గ్రానైట్ రాళ్ళ మీద కట్టిన ఊరు, ఎక్కడ పునాది తవ్వినా రాయి కొట్టాల్సిందే. ఆ రాతి దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. అది గాజుని గీయగలిగినంత గట్టిది. అలాంటి దుమ్ము ఉండగానే తడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే, మురికి పోయినట్టు కనిపిస్తూ పై పూత అరిగిపోతుంది. సీటు మీద కూర్చుని కదిలిన ప్రతిసారీ కూడా జరిగేది అదే.

వాక్యూమ్‌కి మెత్తటి కుచ్చు తగిలించి సీటంతా లాగాను. తర్వాత కుట్టు సందులు. వీపు భాగం, కూర్చునే భాగం కలిసే సందుని ఒక చేత్తో విడదీసి పట్టుకుని చూస్తే లోపల ఒక సంసారమే ఉంది. ఉస్మానియా బిస్కెట్ నూక, పిల్లల పెన్సిల్ చెక్కిన పొట్టు, ఒక రూపాయి నాణెం, గట్టిపడిన చింతపండు చాక్లెట్. కుట్టు దారం తోలులోకి దిగే ప్రతి రంధ్రం చుట్టూ ఇసుక రేణువులు వరుసగా కూర్చున్నాయి. దారాన్ని కోసేవి ఇవే. పెయింటు వేసే సన్న బ్రష్షుతో ఒక్కో కుట్టూ విదిలిస్తూ, వెంటనే వాక్యూమ్‌తో లాగుతూ పోయాను. ఒక్క డ్రైవర్ సీటు కుట్లకే చాలాసేపు పట్టింది.

క్లీనర్ విషయం. ఇంట్లో ఉన్న సర్ఫూ, డిష్‌వాష్ లిక్విడ్, బట్టల సబ్బూ వద్దు. క్రోమ్ తోలు స్వభావం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ 4 దగ్గర. సబ్బు క్షారం. పూత బాగున్నంత కాలం పెద్ద తేడా తెలియకపోవచ్చు కానీ పగుళ్ళలోంచి, కుట్టు రంధ్రాల్లోంచి లోపలికి దిగినచోట తోలుని బిరుసెక్కిస్తుంది. లెదర్ కోసమే చేసిన, నీళ్ళతో కలిసే, ఘాటు తక్కువ క్లీనర్ తెచ్చుకున్నాను. కరోనా రోజుల్లో అలవాటైన శానిటైజర్ ఇంకో శత్రువు. అందులోని ఆల్కహాల్ పై పూతని మెత్తబరుస్తుంది. చేతులకి రాసుకుని తడి ఆరకముందే స్టీరింగ్ పట్టుకునేవాళ్ళ కార్లలో చూడండి, ఆ పట్టుకునే చోటే అంటుకుపోతూ పొట్టు లేస్తుంది.

నీళ్ళు కూడా చూసుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో వాడుక నీళ్ళు బోరువి. బకెట్లో ఆరితే తెల్లటి ఉప్పు చార కడతాయి. అవే నీళ్ళు సీటు మీద ఆరితే సన్నటి తెల్ల మసక మిగులుతుంది, అది క్లీనర్ తప్పనుకుని మళ్ళీ మళ్ళీ రుద్దుతాం. ఫిల్టర్ నీళ్ళు ఒక గిన్నెడు పట్టుకుంటే చాలు, అంతకుమించి అవసరం పడదు.

ముందు ఎవరికీ కనపడని చోట, సీటు వెనక కింది మూల, ఒక చిటికెడు నురగతో రుద్ది తెల్ల గుడ్డతో తుడిచి చూశాను. గుడ్డకి మురికి రంగు వస్తే పరవాలేదు. సీటు రంగు వస్తే ఆపేయాలి, పూత పోతోందన్నమాట. మాకు వచ్చింది మట్టి రంగే.

తర్వాత అసలు పని. క్లీనర్ని సీటు మీద కాకుండా మెత్తటి గుర్రపు వెంట్రుకల బ్రష్ మీద పిండి, నురగ చేసి, అరచేతి రెండింతల చోటు మాత్రం తీసుకుని గుండ్రంగా తిప్పాను. బలం పెట్టకూడదు. బ్రష్ బరువే చాలు. తోలు మీద సన్నటి గాళ్ళు, అంటే గీతల్లాంటి పల్లాలు, ఉంటాయి కదా, మురికి ఉండేది వాటిలో. గుడ్డ గాళ్ళ మీంచి పోతుంది, వెంట్రుక లోపలికి పోతుంది. తెల్లటి నురగ క్షణాల్లో టీ రంగుకి, ఆ తర్వాత చిక్కటి కాఫీ రంగుకి తిరిగింది. ఆ నురగ ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేయాలి. ఆరనిస్తే మురికి మళ్ళీ గాళ్ళలోనే కూర్చుంటుంది. గుడ్డని ఎనిమిది మడతలు పెట్టుకుని ప్రతిసారీ కొత్త మడత వాడాను.

మొదటిసారి పోయింది పాలిష్ పొర మాత్రమే. మెరుపు మచ్చలు మచ్చలుగా తగ్గింది, కింద మురికి అలాగే ఉంది. రెండోసారి వేసినప్పుడు అసలు రంగు తొంగిచూసింది. ఆ చిన్న చదరం ఒక్కటి మీగడ రంగులో, చుట్టూ బూడిద రంగు. తాకి చూస్తే పట్టులా మెత్తగా, పొడిగా ఉంది, చెయ్యి అంటుకోలేదు. లెదర్ సీటు మెరవకూడదని నాకు అప్పుడు చేతికి తెలిసింది. మన కార్లలో వచ్చే తోలుకి ఫ్యాక్టరీలో ఇచ్చే పూత మామూలుగా మెరుపు తక్కువదే. నిగనిగలాడుతుంటే పైన పాలిష్ ఉందనో, జిడ్డు పట్టిందనో, అరిగి నునుపెక్కిందనో అర్థం.

అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అబ్బాయి పక్కనే నిలబడి చూస్తున్నాడు. “అక్కా, గింత మెల్లగ రుద్దితే ఎప్పుడైతది? నా దగ్గర తెల్ల స్పాంజి ఉంది, ఒక్క రుద్దుడుకే పోతది” అన్నాడు. నిజంగానే పోతుంది. ఆ తెల్ల స్పాంజి మెలమైన్, అతి సన్నటి గరుకు. మురికితో పాటు పూతని కూడా చెక్కేస్తుంది. నేను చేసిన చదరాన్నీ, పక్కనున్న మురికి చోటునీ వేళ్ళతో తడిమి చూడమన్నాను. తర్వాత వెనక సీటు సగం అతనే చేశాడు, నాకన్నా ఓపిగ్గా. బయట తుడిచే గుడ్డ లోపల వాడకూడదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదట. ఇప్పుడు లోపలికి వేరే గుడ్డ పెట్టుకున్నాడు. నా కారుకే కాదు, తను చూసే కార్లన్నిటికీ.

మొండి మరకల్లో మొదటిది జీన్స్ నీలం. నీలిమందు నీటిలో కరగదు. నూలు దారం లోపలిదాకా ఇంకకుండా పైపైన పట్టి ఉంటుంది, అందుకే రాపిడికి రాలుతుంది. ఆ రాలిన రంగు లేత సీటు మీదికి ఎక్కుతుంది. చెమటా ఎండా తోడైతే మరీ తొందరగా. పై పూత మీద ఉన్నంతసేపు క్లీనర్‌తో వస్తుంది. పూతలోకి దిగిపోయిందంటే ఏ క్లీనర్ మొత్తంగా తీయలేదు. కాస్త ఘాటు ఎక్కువున్న లెదర్ క్లీనర్‌తో విడతలు విడతలుగా చేశాను, మధ్యలో ఆరనిస్తూ. ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన లేత నీడని వదిలేశాను. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ పెడితే అది కూడా పోతుందని చెప్పేవాళ్ళున్నారు. దాంతో పాటు సీటు రంగు కూడా పోతుంది.

తల ఆన్చేచోట నూనె మరక ఇంకో రకం. పూత బాగున్నచోట నూనె పైనే ఉంది కాబట్టి క్లీనర్‌కి లొంగింది. కానీ ఏళ్ళ తరబడి నూనె ఆనినచోట పూతే మెత్తబడి, వేలి గోరు ఆనిస్తే గీత పడేలా తయారవుతుంది. డ్రైవర్ సీటు హెడ్‌రెస్ట్ మధ్యలో అరచేయంత చోటు అలా అయ్యింది. అక్కడ తేలిగ్గా తుడిచి వదిలేశాను. మన ఇళ్ళల్లో తలకి నూనె మానమంటే ఎవరూ మానరు, మానాల్సిన పనీ లేదు. హెడ్‌రెస్ట్‌కి ఉతుక్కునే నూలు గుడ్డ తొడుగు వేస్తే సరిపోతుంది.

పసుపు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అయ్యేది అందుకే. లేత సీటు మీద పసుపు పడితే సబ్బునీళ్ళు పోసేది, కంగారుపడేది, ఇంకా రుద్దేది చాలాచోట్ల చూశాను. పసుపు రంగు వెలుతురుకి వెలిసిపోతుంది. లెదర్ క్లీనర్‌తో పైది తీసేసి, మిగిలిన చుక్కల మీద పొద్దుటి లేత ఎండ పడేలా కొన్నాళ్ళు కారు నిలిపాను. చుక్కలు పలచబడి పలచబడి, వెతికితే తప్ప కనపడనంతగా అయ్యాయి.

ఇక డ్రైవర్ సీటు అంచు. మురికంతా పోయాక తెలిసింది, నలుపు కింద పూతే లేదని. ఎక్కి దిగేటప్పుడు ప్రతిసారీ రాసుకునే చోటది. రంగు పోయి తోలు బయటపడి, సన్న పగుళ్ళు వచ్చాయి. అక్కడ నీటిబొట్టు వేస్తే వెంటనే ఇంకి నల్లటి మచ్చ అయ్యింది. ఇక్కడ క్లీనర్‌కి పనిలేదు, రంగు వేయించాలి. సికింద్రాబాద్ రాణీగంజ్ వెనక సందులో సీట్ వర్క్ చేసే ఒక ముసలాయన ఉన్నాడని మా మెకానిక్ చెబితే వెళ్ళాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు.

ఉస్తాద్ సీటు చూసి ముందు అడిగింది, ఎవరు కడిగారని. నేనే అన్నాను. సంతోషించాడు. మురికి సీటు తెచ్చి రంగు కలపమంటారు, మురికికి సరిపోయే రంగు కలిపితే రేపు సీటు కడిగినప్పుడు మచ్చ బయటపడుతుంది కదా అన్నాడు. హెడ్‌రెస్ట్ పీకి, దాని కింద ఎండ చూడని చోటునీ, సీటు మధ్య భాగాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెంటికీ మధ్య రంగు తీసుకున్నాడు. ఎండకి వెలిసిన సీటులో కొత్త రంగు అతుకులా కనపడకూడదని.

ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉన్న కుట్టుకి నేను చెప్పకముందే టేపు వేసి కప్పేశాడు. అంచుని ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, జిడ్డు లేశమైనా లేకుండా చేశాడు. బాగున్న సీటుకి చెరుపు చేసే ఆల్కహాలే రంగు వేసేముందు ఈ పనికి కావాలి, జిడ్డు మీద రంగు నిలవదు. తర్వాత అతి సన్నటి నీటి కాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, పగుళ్ళ అంచులు నునుపు చేశాడు. పగుళ్ళలోకి ఫిల్లర్‌ని వేలితో అద్ది, పైకి వచ్చింది తుడిచేశాడు. రంగుని స్పాంజి ముక్కతో అద్దుతూ, ఒక పూత వేసి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, మళ్ళీ ఇంకో పూత. మొదటి పూత తర్వాత చూస్తే గీతలన్నీ కనిపిస్తున్నాయి, ఇంకాస్త మందంగా వేయకూడదా అన్నాను. “జల్దీ నక్కో కరో బేటీ”, తొందరపడకు తల్లీ, అన్నాడు తలెత్తకుండా. మందంగా వేసిన రంగు తోలుతో పాటు వంగదు, నాలుగు రోజుల్లో పగులుతుందట. పలచగా పూత మీద పూత వేసుకుంటూ పోయి, చివర్లో మెరుపు లేని పై పూత కొట్టాడు. రెండు రోజులు ఆ అంచుకి ఏదీ తగలనివ్వద్దని, వారం దాకా తడి పెట్టొద్దని చెప్పి పంపాడు. ఆ రెండు రోజులూ ఆఫీసుకి మెట్రోలో వెళ్ళాను.

రంగు ఆరాక సీట్లన్నిటికీ లెదర్ ప్రొటెక్షన్ క్రీమ్ పలచగా రాశాను. ఇది తోలుకి తిండి కాదు. పై పూతకీ ప్యాంటుకీ మధ్య రాపిడి తగ్గిస్తుంది, రంగులు ఎక్కకుండా కొంత ఆపుతుంది. రాసిన కాసేపటికి పొడిగుడ్డతో తుడిచేస్తే జిడ్డు మిగలకూడదు. మిగిలితే ఎక్కువైనట్టు.

ఇప్పుడు వారానికోసారి పొడి మైక్రోఫైబర్‌తో దుమ్ము తీస్తున్నాను. నెలకోసారి డ్రైవర్ సీటు, స్టీరింగ్, హెడ్‌రెస్ట్‌లు, అంటే ఒళ్ళు తగిలే చోట్లు మాత్రం, నురగతో తేలిగ్గా. మిగతా సీట్లకి అంత తరచుగా అక్కర్లేదు. నా మట్టుకు నేను తేల్చుకున్నది, కారు లెదర్‌కి అతి తక్కువ తడితో, మెత్తటి చేత్తో, మురికి ముదరకముందే తుడవడాన్ని మించిన సేవ లేదు. ఖరీదైన కండిషనర్లకి పెట్టే డబ్బుని మంచి బ్రష్‌కీ నాలుగు గుడ్డలకీ పెట్టొచ్చు.

మే నెలలో ఎండ 40 దాటే ఊరు మనది. బయట నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. అద్దాలకి నల్ల ఫిల్మ్ అతికించడాన్ని 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించింది, ట్రాఫిక్ పోలీసులు ఆపితే అక్కడికక్కడే పీకిస్తారు. కాబట్టి ముందు అద్దానికి లోపలివైపు మడిచే సన్‌షేడ్ పెడుతున్నాను. వెనక సీటుకి ఎండ తగలకుండా కారు ముఖం పడమరకి తిప్పి నిలుపుతున్నాను, మా ఆఫీసు పార్కింగ్‌లో మధ్యాహ్నపు ఎండే ఎక్కువ. వానాకాలం బాధ బూజు. తడి గొడుగు సీటు మీద పెట్టకుండా, కారు వాడని రోజుల్లో కూడా కాసేపు ఏసీ వేసి లోపలి చెమ్మ తీసేస్తే చాలావరకు రాదు. ఇరానీ చాయ్ ఒలికితే పాలు కుట్టుల్లోకి దిగకముందే అద్ది తీయాలి. రుద్దకూడదు, రుద్దితే రంధ్రాల్లోకి తోసినట్టవుతుంది. మా చెల్లెలి పాప కోసం చైల్డ్ సీటు బిగించినప్పుడు కింద మందపాటి తువాలు పరుస్తున్నాను, లేకపోతే ప్లాస్టిక్ అంచులు తోలులో గుంటలు పెడతాయి.

బాగుపడనిది ఒకటుంది. వెనక సీటు ఆర్మ్‌రెస్ట్ పైభాగం. అది పీయూ (పాలీయూరిథేన్) రెగ్జిన్ అని ఉస్తాద్ చూడగానే చెప్పాడు. చెమ్మా వేడీ కలిసి ఆ ప్లాస్టిక్ పొరని లోపల్నుంచే విరగగొడతాయి, పొట్టు పొట్టుగా లేస్తుంది. దానికి క్రీములు రాసినా, రంగు వేసినా నిలవదు, ముక్క మార్చాల్సిందే. వానలు తగ్గాక తీసుకురమ్మన్నాడు, చెమ్మలో అతికించిన ముక్క సరిగ్గా పట్టదట. దానికి అసలు తోలు ముక్కే వేయమన్నాను. మా సీటు గాళ్ళకి దగ్గరగా ఉన్న ముక్క దొరికితే తీసి పక్కన పెడతానన్నాడు.